పెద్దమ్మ పాస్ చేయని పుల్లలు

పెద్దమ్మకు నచ్చని మనుషులు లోకంలో చాలామందే ఉన్నారు గానీ, ప్రస్తుతానికి వాళ్ళందరి వాటా కలిపి ఒక్క మరిదికే ముట్టజెబుతోంది. ఆయన చేసిన తప్పల్లా ఆమె చెల్లెల్ని పెళ్ళాడి, ఒక పనిముట్ల పెట్టె, రెండు జతల బట్టలు పట్టుకుని ఈ ఇంట్లో అడుగు పెట్టడమే. చెల్లెలికిది రెండో పెళ్ళి. మొదటివాడు కూతురు చిట్టి పాకే వయసులోనే చెప్పా పెట్టకుండా పోయాడు. అప్పట్నుంచీ ఆ పిల్లకు మూతి తుడిచి, జడవేసి, జ్వరమొస్తే పక్కలో వేసుకుని పెంచింది పెద్దమ్మే. చెల్లెలు ఆసుపత్రి లాండ్రీలో షిఫ్టుల మీద పనిచేస్తుంది. ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఆమెకే తెలియదు.

మరిది వడ్రంగి. నోట్లో నాలుక లేని మనిషి. పెద్దమ్మకు అనుమానం మొదలైందే అక్కడ.

"వాగేవాణ్ణి నమ్మొచ్చే. లోపలున్నదంతా కక్కేస్తాడు. ఈయన లోపల ఏం దాచాడో ఎవరికి తెలుసు?" అని చెల్లెలి దగ్గర చెవినిల్లు కట్టుకుని పోరింది.

"నువ్వు రిటైరయ్యావక్కా. ఇంక ఇంట్లోవాళ్ళని తనిఖీ చెయ్యడం మానెయ్," అంది చెల్లెలు, బూట్లు వేసుకుంటూ.

మానెయ్ అంటే మానేసే అలవాటా అది? పెద్దమ్మ తన వయసంతా ఒక బొమ్మల ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర గడిపింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే ప్రతి బొమ్మా ఆ బల్ల దాటాకే బయటికి పోవాలి. గోటితో గీకేది. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పట్టేది. ఎలుగుబంటి కన్ను ఊడొస్తుందేమోనని పట్టి లాగేది. ఏ కాస్త తేడా అనిపించినా ఎర్ర సుద్దతో గీత గీసి పక్కన పడేసేది. అక్కడ అందరూ ఆమెను ఎర్రసుద్ద అనేవాళ్ళు, ఎదురుగా కాదు లెండి. ఒక్క చెడ్డ బొమ్మను పోనిస్తే ఉద్యోగం ఊడుతుంది. వంద మంచి బొమ్మలు పక్కన పడేసినా అడిగే నాథుడు లేడు. వద్దంటే అది ఎప్పటికీ తప్పు కాదన్న నమ్మకం ఆవిడ బుర్రలో అలాగే గట్టిపడిపోయింది.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి మరిది ఒక సాయంత్రం చిల్లులు పొడిచిన అట్టపెట్టె తెచ్చి చిట్టి ముందు పెట్టాడు.

"గినీ పందులు," అన్నాడు. ఆ రోజుకి ఆయన కోటాలో సగం మాటలు అయిపోయాయి.

"పందులా? ఇంట్లోనా?" అని పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. తీరా తొంగిచూస్తే గుప్పెడంత ప్రాణాలు రెండు, ఒకటి నల్లగా, ఇంకొకటి గోధుమరంగులో బొద్దుగా, ముక్కులు ఆడిస్తూ ఆమెనే చూస్తున్నాయి. చిట్టి అక్కడికక్కడే పేర్లు పెట్టేసింది, నల్లోడు, బొద్దోడు అని. ఆ పిల్ల మొహం అంతగా వెలగడం పెద్దమ్మ చూసి చాలాకాలమైంది. సంతోషించాల్సింది పోయి ఆవిడకు కడుపు మండింది. లంచం, అనుకుంది. పిల్లను ఇలా మెల్లమెల్లగా తనవైపు లాక్కుంటాడు కాబోలు అనుకుంది. పైకి మరిదిని అనుమానిస్తున్నానని చెప్పుకుంటోంది గానీ, ఆవిడ అసలు భయం అదొక్కటే. తను పెంచిన పిల్ల తనను దాటి ఆయన దగ్గరికి పోతుందేమోనని.

అన్నదమ్ములిద్దరికీ ఒక గూట్లో పొసగలేదు. కొట్టుకుని ఒకరి చెవి ఒకరు కరుచుకున్నారు. దాంతో నల్లోణ్ణి చిట్టి గదిలో పెట్టి, బొద్దోణ్ణి పెద్దమ్మ తన గదికి తెచ్చుకుంది. తెచ్చుకున్న రోజే వాడు ఆవిడ అరచేతిలో కాళ్ళు ముడుచుకుని నిద్రపోయాడు. చెప్పొద్దూ, ఎవరినీ నమ్మని ఆ మనిషి ఆ పూట కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా కూర్చుండిపోయింది.

గొడవ మొదలైంది కొరుకుడు సామాను దగ్గర. వాటిని అమ్మిన కొట్టువాడు మరిదికి ఒక మాట చెప్పి పంపాడు. వీటి పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, కొరుక్కోడానికి ఏదో ఒకటి వెయ్యకపోతే కష్టం అని. చెక్క వెయ్యడం గురించి వడ్రంగికి వేరే చెప్పాలా? ఆయన మర్నాడే పనిలో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు నాలుగు తెచ్చాడు.

పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇందులో ఉన్నది సగం చెక్క, సగం జిగురు. ఇది తింటే వాడి పేగులు అతుక్కుపోవూ?"

నిజమే కదా అనుకున్నాడాయన. ఈసారి ఒకే చెక్కలోంచి కోసి, ఉప్పు కాగితం పెట్టి రుద్ది, నున్నటి కడియం చేసి తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది. పెద్దమ్మ తడిగుడ్డతో నాలుగుసార్లు గట్టిగా రుద్దింది. గుడ్డ పచ్చబడింది.

"పాలిష్ పెట్టారా?"

"కొంచెం. పెట్టకుండా వస్తువు చేతిలోంచి దించబుద్ధి కాదు వదినా," అన్నాడు మరిది, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడి.

మూడోసారి ఆయన పీచ్ చెట్టు కొమ్మ ఒకటి పచ్చిది విరుచుకొచ్చాడు. పెద్దమ్మ జంతువుల డాక్టరుకు ఫోన్ చేసి ఆరా తీసింది. పీచ్, ప్లమ్, చెర్రీ లాంటి టెంకపళ్ళ చెట్ల కొమ్మలు వద్దు, యాపిల్ పుల్లలైతే బాగా ఎండబెట్టి ఇవ్వండి, మంచివి అంది డాక్టరమ్మ. పెద్దమ్మ వద్దన్న మాటను వెంటనే నమ్మేసింది. ఇవ్వమన్న మాట దగ్గర మాత్రం ఆగింది.

ఇక్కడ పెద్దమ్మను పూర్తిగా ఆడిపోసుకోవడానికి లేదు. మూడుసార్లూ ఆవిడే గెలిచింది, మూడుసార్లూ ఆవిడ మాటే నిజమైంది. మరిది కూడా ఒప్పుకున్నాడు. ఆ గెలుపే ఆవిడను చెడగొట్టింది. ఇక ఆయన తెచ్చింది చూడకముందే సుద్దముక్క కోసం చెయ్యి వెతుక్కునేది.

యాపిల్ పుల్లలు ఆయన ఎక్కడో పనికి వెళ్ళిన ఇంటి పెరట్లో అడిగి తెచ్చి, మేడ మీద ఎండబెట్టి, బెరడుతో సహా ఏ రంగూ పూయకుండా ఒక కట్ట కట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆ చెట్టుకు పురుగుమందు కొట్టారేమో."

"కొట్టలేదన్నారు వదినా."

"అన్నారు. మీరు చూశారా?"

ఆయన చూడలేదు. చూడకుండా ఎలా చూశానంటాడు? కట్ట వెళ్ళి అల్మరా మీద, ప్లైవుడ్ పక్కన, కడియం పక్కన కూర్చుంది. తర్వాత తెచ్చిన ఖాళీ అట్టగొట్టానికి అచ్చు సిరా తప్పు. బీరపీచుకు ఏ మురికి నీళ్ళలో పెరిగిందో తెలియకపోవడం తప్పు. పనిలో పనిగా ఎండుగడ్డి మీద కూడా పెద్దమ్మ కన్ను పడింది. గట్టి కాడలు వాడి కంట్లో గుచ్చుకుంటే? పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, కాడ కాడా ఏరిపారేసి మెత్తటి ఆకుపోచలు మాత్రమే వాడికి వేసేది. గుళికల మేత నానబెట్టి పెట్టేది. క్యారెట్ తురిమి పెట్టేది. బొద్దోడి గూట్లో గట్టి వస్తువన్నది లేకుండా, కంటికి రెప్పలా చూసుకుంది.

చిట్టి గదిలో నల్లోడి బతుకు వేరు. ఆ పిల్లకు బద్ధకం. కట్టలోంచి చేతికందినంత గడ్డి లాగి కాడలతో సహా విసిరేసి బడికి పరిగెత్తేది. క్యారెట్ తల తుంచి మొత్తంగా పడేసేది. వాడు తీరిగ్గా అదంతా నమిలి, చాలక మరిది చేసిచ్చిన, రంగు పూయని చెక్కగూడు తలుపు అంచు కూడా కొరుకుతుండేవాడు. "వాడి ఖర్మ," అనుకునేది పెద్దమ్మ.

అలాంటిది, జబ్బు వచ్చింది బొద్దోడికి.

మొదట ఆకు నోట్లోకి తీసుకుని కింద పడేశాడు. అలిగాడు అనుకుంది. తర్వాత గిన్నె దగ్గరికి ఆశగా పరిగెత్తి వచ్చి, మూతి పెట్టి, వెనక్కి తిరిగిపోవడం మొదలుపెట్టాడు. గడ్డం కింద బొచ్చు ఎప్పుడు చూసినా తడిగా ఉంటోంది. చేతిలోకి తీసుకుంటే పాత బరువు లేదు. పెద్దమ్మ తను పెట్టినవన్నీ మళ్ళీ వాసన చూసింది, రుద్దింది, కొన్ని తనే నోట్లో వేసుకుని నమిలింది. వేటిలోనూ ఏ దోషమూ లేదు. తన చేతిలో దోషం లేకపోతే ఇంకొకరి చేతిలో ఉండాలి. ఇంట్లో ఆ ఇంకొకరు ఎవరు?

ఆలోచిస్తే అన్నీ అతికినట్టు సరిపోయాయి. రోజూ సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే, "బొద్దోడు తిన్నాడా వదినా?" అని అడుగుతున్నాడు. ఎందుకడగాలి? తన గది గడప దగ్గర రంపపు పొట్టు కనబడింది. ఎందుకుండాలి? చిట్టి దగ్గరున్న నల్లోడు గుండ్రాయిలా ఉన్నాడు, తన దగ్గరున్నవాడే చిక్కిపోతున్నాడు. బొద్దోడు తన చేతిలో పోతే ఏమవుతుంది? పెద్దమ్మకు చేతకాదని తేలుతుంది. పిల్ల ఆయన పక్షం చేరుతుంది. అమ్మో, ఎంత నెమ్మదస్తుడు అనుకుంది. అరవడు, కరవడు, లోపల్లోపలే పని కానిస్తున్నాడు.

ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాసింది. చివరికి ఆయన పనికి పోని ఒక మధ్యాహ్నం సంచీ పట్టుకుని, "కొట్టుకెళ్ళొస్తా," అని గట్టిగా చెప్పి, వీధి మలుపు దాకా వెళ్ళి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చింది. తన గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మరిది గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి లోపల, బొద్దోడి మూతి దగ్గర ఉంది.

"దొరికారు," అంది పెద్దమ్మ.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీశాడు. చేతిలో తడి రుమాలు ఉంది. గూటిలో బొద్దోడి ముందు యాపిల్ పుల్ల ఒకటి పడి ఉంది, అల్మరా మీది కట్టలోది.

"గడ్డం తడిగా ఉందని తుడుస్తున్నా వదినా. పుల్ల కొరికితే ఉత్సాహం వస్తుందేమోనని..."

"నేను వద్దని పక్కన పెట్టింది తీసి పెట్టారు. ఎన్నాళ్ళనుంచి పెడుతున్నారు?"

"ఇవాళే. ఇదే మొదటిసారి."

"దొరికిన ప్రతివాడికీ అదే మొదటిసారి."

సరిగ్గా అప్పుడే చిట్టి బడి సంచీతో గుమ్మంలోకి వచ్చింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "చూడవే, మీ అంకుల్ చేసిన పని. మనం లేనప్పుడు వచ్చి వాడికి ఏవేవో పెడుతున్నాడు. అందుకే వాడలా అయిపోయాడు," అంది.

చిట్టి బొద్దోణ్ణి చూసింది. వాడు మూలకు ఒదిగి, జుట్టు నిక్కబొడుచుకుని, లాలాజలం కారుస్తూ కూర్చున్నాడు. ఆ పిల్లకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పెద్దమ్మ మాటంటే వేదం. మొహమంతా ఎర్రబడింది.

"నువ్వే తెచ్చావు, నువ్వే చంపుతున్నావు," అంది ఆయనతో. ఎప్పుడూ మీరు అనే పిల్ల. "నువ్వు మాకొద్దు. వెళ్ళిపో మా ఇంట్లోంచి."

మరిది ఏదో చెప్పబోయాడు. చేతిలోని రుమాలు జేబులో కుక్కుకున్నాడు. పెద్దమ్మకు ఆ క్షణాన గెలిచినట్టే ఉంది. నిజం దాచి ఏం లాభం, లోపల చల్లగా కూడా ఉంది.

"ముందు వాణ్ణి డాక్టరుకి చూపిద్దాం," అన్నాడాయన చివరికి. "తర్వాత మీరేమంటే అది."

ఆయన పలకలు మోసే వ్యానులోనే వెళ్ళారు. బుట్ట పెద్దమ్మ ఒళ్ళో, చిట్టి ఆవిడకు అతుక్కుని. పుల్లను కూడా పెద్దమ్మ కాగితంలో భద్రంగా చుట్టి తెచ్చింది. డాక్టరు చేత విషమని అనిపించాలిగా. ఆసుపత్రిలో బెంచీ ఈ చివర చిట్టి, ఆ చివర మరిది కూర్చున్నారు. లోపలి గది చిన్నది, ఒక్కరే రండి అంటే పెద్దమ్మ బుట్ట పట్టుకుని వెళ్ళింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, చేతులు నెమ్మది. పెద్దమ్మ కాగితం విప్పి పుల్ల బల్ల మీద పెట్టింది.

"ఇది తిన్నాడు. ఇందులో ఏం విషముందో చూడండి."

డాక్టరమ్మ పుల్లను తిప్పి తిప్పి చూసింది. "ఇది మామూలు యాపిల్ పుల్లండీ, బాగా ఎండింది. అయినా దీని మీద పంటి గాటు ఒక్కటి కూడా లేదే."

పెద్దమ్మ పుల్ల అందుకుని చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. బెరడు ఎక్కడా చెదరలేదు. ఎన్ని వేల బొమ్మల మీద వెంట్రుకంత గీత పట్టుకున్న కళ్ళు, ఇది ఎలా చూడలేదో ఆవిడకే అర్థం కాలేదు.

"రోజూ ఏం తింటాడు?" అని అడిగింది డాక్టరమ్మ.

పెద్దమ్మ చెప్పింది. కాస్త గర్వంగానే చెప్పింది. ఏరిన గడ్డి, నానిన మేత, తురిమిన క్యారెట్. ఇంత శ్రద్ధగా ఇంకెవరు చేస్తారు అన్నట్టు చూసింది. డాక్టరమ్మ మెచ్చుకోలేదు. దీపం ఉన్న సన్నటి గొట్టం బొద్దోడి నోట్లో పెట్టి, వంగి చూసి, తర్వాత పెద్దమ్మను దగ్గరికి పిలిచింది.

"ఇటు చూడండి. దవడ పళ్ళు. రెండు వైపులా పెరిగి నాలుక మీదికి కమ్ముకొచ్చాయి. నాలుక కదలడం లేదు, మింగుదామన్నా మింగలేడు. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి వెళ్ళిపోతున్నాడన్నారే, అదందుకే. విషం కాదండీ, ఆకలి. గడ్డికాడలు నమిలితేనే వీటి పళ్ళు అరుగుతాయి. వాడికి అరగదీసుకోడానికి ఏమీ దొరకలేదు."

"నేను ఒక్కటంటే ఒక్క చెడ్డ వస్తువు పోనివ్వలేదమ్మా," అంది పెద్దమ్మ.

"మంచివి కూడా పోనివ్వలేదు కదండీ," అంది డాక్టరమ్మ. కోపంగా ఏమీ అనలేదు. మత్తిచ్చి పళ్ళు అరగదీస్తానని, చిక్కిపోయాడు కాబట్టి కొంచెం కష్టమేనని, అయినా బతుకుతాడనే అనుకుంటున్నానని, కొన్నాళ్ళు మెత్తటి మేత చేత్తో తినిపించి ఆ తర్వాత కాడలున్న గడ్డే వెయ్యాలని చెప్పి, బొద్దోణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని గదిలో ఒంటరిగా మిగిలింది. అరచేతిలో నిద్రపోయిన ప్రాణాన్ని తనే ఇన్నాళ్ళూ పస్తు పెట్టింది. అంతలో ఇంకో ఆలోచన మెల్లగా తల ఎత్తింది. డాక్టరమ్మ చెప్పింది తనొక్కదానికే. బయట ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. నోట్లో ఏదో అడ్డం పడింది, తీసేస్తున్నారు అంటే సరిపోతుంది. మరిది అడగడు. ఆయన ఏదీ అడిగే రకం కాదు. చిట్టి తనదిగానే ఉండిపోతుంది. ఆ ఆలోచన ఎంత సులువుగా ఉందంటే, పెద్దమ్మకు తన మీద తనకే మొదటిసారి అనుమానం వచ్చింది.

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. చిట్టి లేచి ఎదురొచ్చింది.

"ఏం పెట్టాడంట పెద్దమ్మా?"

పిల్ల కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి, ఏం చెప్తే అది నమ్మడానికి సిద్ధంగా. ఆ నమ్మకాన్ని చూశాక అబద్ధం ఆడటానికి ప్రాణం ఒప్పలేదు.

"ఆయనేం పెట్టలేదే. నేనే ఏదీ పెట్టలేదు. గట్టిది ఒక్కటి కూడా కొరకనివ్వలేదు. పళ్ళు పెరిగిపోయి వాడు తినలేకపోయాడు. నా వల్లే."

"మరి ఆ పుల్ల?"

"మంచిదే."

"నీకు తెలుసా?"

"తెలుసుకోలేదు," అంది పెద్దమ్మ. "డాక్టరు ఫోన్లోనే చెప్పినా వినలేదు."

చిట్టి బెంచీ ఆ చివర ఉన్న మనిషిని చూసింది. ఆయన మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి నేలకేసి చూస్తున్నాడు. మళ్ళీ పెద్దమ్మను చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ ఏడవలేదు.

"నువ్వు చెప్పావనే అన్నాను పెద్దమ్మా," అంది. "ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నాను. నువ్వు చెప్పావనే."

పెద్దమ్మ బుట్ట కింద పెట్టి, బెంచీ ఆ చివరికి నడిచింది. ఆవిడ వస్తుంటే మరిది గబుక్కున లేచి నిలబడి, తను కూర్చున్న చోటు చూపించాడు.

"కూర్చోండి వదినా. బతుకుతాడా?"

"బతుకుతాడంది." పెద్దమ్మ కూర్చోలేదు. చిట్టికి కూడా వినబడేలా, డాక్టరమ్మ అన్నదంతా ఒక్క మాట మింగకుండా చెప్పింది. పుల్ల మీద గాటు లేదని చెప్పింది. మిమ్మల్ని దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాను, పిల్ల చేత అనరాని మాట అనిపించాను, తప్పు నాది, అంది. ఆవిడ నోట్లోంచి అలాంటి మాట వినడం ఆవిడకి కూడా అదే మొదటిసారి.

"పోనీలెండి వదినా," అన్నాడు మరిది. "మొదటి మూడుసార్లూ నేను తెచ్చినవి చెత్తేగా."

చిట్టి వచ్చి, ఇద్దరి మధ్యా ఒక్క నిమిషం నిలబడి, ఆయన పక్కన కూర్చుంది. చొక్కా అంచు పట్టుకుని, "అంకుల్, మీరు వెళ్ళొద్దు," అంది. పక్కన ఇంకొకరు పట్టేంత చోటుంది. పెద్దమ్మ అక్కడే నిలబడి ఎదురుచూసింది. ఆ పిల్ల తలెత్తి ఆమె వైపు చూడలేదు.